గడ్డ ఎక్కడ ఉంది? ఫైబ్రాయిడ్ల రక్తస్రావం, హార్మోన్ లూప్, తెలుగునాట గర్భసంచి ఆపరేషన్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో దాదాపు ప్రతి పన్నెండు మందిలో ఒకరికి గర్భసంచి తీసివేసే ఆపరేషన్ జరిగిపోయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. దేశం మొత్తం మీద ఈ సంఖ్య నూటికి మూడు పైచిలుకు మాత్రమే ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి చేరువగానూ తెలంగాణలో ఎనిమిదికి పైగానూ ఉంది. 2015-16 సర్వేలో కూడా ఈ రెండు రాష్ట్రాలే ముందు వరుసలో నిలిచాయి. ఆ సర్వే ప్రకారం దేశంలో ఈ ఆపరేషన్ జరిగిన వయసుల మధ్యస్థం, అంటే ఆపరేషన్ అయినవారిలో సగం మంది దాటకుండా ఉన్న వయసు, 34 ఏళ్ళు. వీటిలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగాయి. కారణం అడిగినప్పుడు సగానికి పైగా స్త్రీలు చెప్పింది బహిష్టులో రక్తం ఎక్కువగా పోవడం, లేదా నొప్పి. ఆ తరువాత ఎక్కువ మంది చెప్పినవి ఫైబ్రాయిడ్లు, సిస్టులు.

ఈ లెక్కలు ఈ ఉపన్యాస విషయానికి నేపథ్యం మాత్రమే కాదు, దాని అవసరానికి నిదర్శనం కూడా. బహిష్టు రక్తస్రావాన్ని గర్భాశయం లోపల నుంచే తగ్గించగల హార్మోన్ లూప్ 1990 నుంచి ప్రపంచంలో వాడుకలో ఉంది, భారతదేశంలో తయారవుతోంది కూడా. అయినా స్కానింగ్ కాగితంలో ఫైబ్రాయిడ్ అన్న మాట కనిపించగానే చాలాచోట్ల సంభాషణ నేరుగా ఆపరేషన్ దగ్గరికి వెళ్ళిపోతుంది. గడ్డ ఉందా అన్న ప్రశ్నకు జవాబు దొరికిన చోటే విచారణ ఆగిపోతోంది. వైద్యాన్ని నిర్ణయించవలసినది మాత్రం గడ్డ ఎక్కడ ఉంది, గర్భాశయపు గదిలోకి ఎంత చొచ్చుకు వచ్చింది అన్న ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడిగిన తరువాత చాలామంది స్త్రీల విషయంలో గర్భసంచిని తీసివేయకుండానే రక్తస్రావాన్ని అదుపు చేయవచ్చునని, కొందరి విషయంలో అది సాధ్యం కాదని, ఈ రెండు వర్గాలనూ వేరుచేయడమే వైద్యుని పని అని చూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ముందుగా ఎక్కువ రక్తం అంటే ఎంత అన్నది తేల్చుకోవాలి. ఆరోగ్యవంతురాలైన స్త్రీకి ఒక నెలసరిలో పోయే రక్తం సుమారు 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 1960లలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో హాల్‌బర్గ్ బృందం స్త్రీల నెలసరి రక్తాన్ని కొలిచి, 80 మిల్లీలీటర్లు దాటిన వారిలో ఇనుము లోపమూ రక్తహీనతా బాగా పెరుగుతున్నాయని 1966లో ప్రకటించింది. అప్పటి నుంచి పరిశోధనలలో 80 అన్న సంఖ్య హద్దుగా నిలిచిపోయింది. ఆ కొలత పద్ధతి ఓపికతో కూడిన పని: స్త్రీ వాడిన ప్రతి ప్యాడ్‌నూ దాచి తెచ్చి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, అందులోని హిమోగ్లోబిన్ హెమాటిన్ అనే గోధుమరంగు పదార్థంగా మారిన తరువాత ఆ రంగు గాఢతను బట్టి రక్తం ఎంతో లెక్కగడతారు. ఇది ప్రయోగశాలలకే సాధ్యం కనుక 1990లో హైగమ్ బృందం బొమ్మల పట్టిక ఒకటి రూపొందించింది. కొద్దిగా తడిసిన ప్యాడ్‌కు 1, ఒక మోస్తరుగా తడిసిన దానికి 5, పూర్తిగా తడిసిన దానికి 20 చొప్పున మార్కులు వేసుకుంటూ, రక్తపు గడ్డలు పడితే చిన్నదానికి 1, పెద్దదానికి 5 కలుపుతూ పోతే, నెలసరి మొత్తానికి వంద దాటడం అంటే రక్తం సుమారు 80 మిల్లీలీటర్లు దాటడమని అర్థం. ఒక్క రోజులో ఆరు ప్యాడ్లు పూర్తిగా తడిసిన స్త్రీకి ఆ ఒక్కరోజుకే 120 వస్తుంది. రెండో రోజు, మూడో రోజు ఇంకా మిగిలే ఉంటాయి. కాగితం, పెన్సిల్ తప్ప మరేమీ అక్కరలేని ఈ పట్టిక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎందుకు లేదన్నది అడగవలసిన ప్రశ్న. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ అయితే మిల్లీలీటర్లను పక్కన పెట్టి, స్త్రీ శరీరాన్నీ మనసునూ సంసారాన్నీ పనినీ దెబ్బతీసేంత రక్తస్రావం ఏదైనా అధిక రక్తస్రావమేనని నిర్వచించింది. వైద్యానికి ఈ నిర్వచనమే సరైనది; పొలం పని మానుకుని మంచం పట్టిన స్త్రీకి డెబ్బయి అయిదు మిల్లీలీటర్లే పోయాయని చెప్పి పంపడం వైద్యం అనిపించుకోదు.

ఈ రక్తం ఖరీదును ఇనుములో లెక్కించవచ్చు. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలకు 160 మిల్లీలీటర్లు పోయే స్త్రీ ఆ దారిన 80 మిల్లీగ్రాముల ఇనుము పోగొట్టుకుంటుంది, అంటే రోజుకు రెండున్నర మిల్లీగ్రాములకు పైగా; చర్మం ద్వారా, పేగుల ద్వారా ఎవరికైనా పోయే ఒక మిల్లీగ్రాము దీనికి అదనం. అన్నం, పప్పు, కూర, ఆపైన టీతో గడిచే రోజులో పేగులు పీల్చుకోగలిగే ఇనుము ఈ లోటును పూడ్చలేదు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 మంది స్త్రీలలో రక్తహీనత కనిపించింది. ఇందులో తిండి పాలు ఎంత, నెలసరి పాలు ఎంత అన్నది ఆ సర్వే విడదీసి చెప్పదు కాని, ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటని స్త్రీని నెలసరి ఎన్నాళ్ళు, ఎన్ని ప్యాడ్లు అని అడగకుండా పంపడం మాత్రం తప్పే. ఆయాసం, కాళ్ళ వాపులు, మెట్లెక్కితే గుండెదడ, ఎప్పుడూ వదలని నీరసం, వీటిని వయసుకో, పని భారానికో కట్టబెట్టడం ఇళ్ళలో మామూలు.

ఫైబ్రాయిడ్ అనేది గర్భాశయపు కండర పొరలో ఒకే ఒక్క కణం నుంచి మొదలై పెరిగే, కాన్సర్ కాని గడ్డ. వీటిలో సుమారు డెబ్బయి శాతం గడ్డలలో ఎంఇడి12 అనే ఒకే జన్యువులో మార్పు ఉంటుందని హెల్సింకీ పరిశోధకులు 2011లో కనుగొన్నారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే రెండు అండాశయ హార్మోన్లూ వీటికి ఎరువు. ముట్లుడిగాక ఆ హార్మోన్లు తగ్గిపోతాయి కనుక గడ్డలు కూడా మెల్లగా కుంచించుకుపోతాయి. యాభై ఏళ్ళు వచ్చేసరికి సగం కంటే ఎక్కువ మంది స్త్రీలలో ఏదో ఒక పరిమాణంలో ఫైబ్రాయిడ్ ఉంటుందని అమెరికాలో స్కానింగులతో చేసిన అధ్యయనాలు తేల్చాయి. వారిలో ఎక్కువ మందికి ఆ సంగతే తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అందుచేత స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ కనిపించడం, రక్తం ఎక్కువ పోవడం ఒకే స్త్రీలో ఉన్నంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని తీర్మానించడానికి వీలులేదు. ఇక గడ్డ ముదిరి కాన్సర్ అవుతుందన్న భయం తెలుగు ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. ఈ మాట చెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడం కూడా ఉంది. గర్భాశయ కండరంలో పుట్టే కాన్సర్ చాలా అరుదైనది, అది సాధారణంగా విడిగా పుడుతుందే తప్ప మామూలు ఫైబ్రాయిడ్ మారి అవుతుందనడానికి ఆధారం బలహీనం. ముట్లుడిగిన తరువాత కూడా గడ్డ పెరుగుతూ ఉంటే మాత్రం అది జాగ్రత్తగా పరీక్షించవలసిన సంగతి.

గడ్డ ఉన్న చోటును చెప్పడానికి అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల సమాఖ్య ఫీగో 2011లో ఒక వర్గీకరణను ప్రకటించింది. అందులో సున్నా రకం పూర్తిగా గర్భాశయపు గదిలోపలే కాడతో వేలాడే గడ్డ. ఒకటో రకంలో సగం కంటే ఎక్కువ భాగం గదిలోకి పొడుచుకు వస్తుంది. రెండో రకంలో సగమో అంతకంటే ఎక్కువో కండరంలోనే ఉండి మిగతాది గదిలోకి ఉబుకుతుంది. మూడో రకం గదిలోకి రాకుండా లోపొరను ఆనుకుని ఉంటుంది. నాలుగోది కండరంలోనే పూర్తిగా ఇమిడి ఉంటుంది. అయిదు, ఆరు, ఏడు రకాలు బయటి వైపుకు క్రమంగా జరుగుతూ పోయి చివరిది బయట కాడతో వేలాడుతుంది. ఎనిమిదోది గర్భాశయ ముఖద్వారం వంటి ఇతర చోట్ల పుట్టినది. రక్తస్రావానికి ముఖ్యంగా కారణమయ్యేవి ఈ వరుసలో మొదటి గడ్డలు. రెండు సెంటీమీటర్ల సున్నా రకం గడ్డ ఒక స్త్రీని రక్తహీనతతో మంచాన పడేయగలదు. ఏడు సెంటీమీటర్ల ఆరో రకం గడ్డ మరో స్త్రీలో ఒక్క చుక్క కూడా అదనంగా రప్పించకపోవచ్చు. నివేదికలో 5 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ అని మాత్రమే రాసి, రకం రాయకుండా వదిలేస్తే ఆ నివేదిక వైద్యునికి సగం సంగతే చెప్పినట్టు.

మామూలు స్కానింగ్‌లో గది గోడలు ఒకదానికొకటి అంటుకుని సన్నని గీతలా కనిపిస్తాయి కనుక గడ్డ లోపలికి ఎంత వచ్చిందో చాలాసార్లు తేలదు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో సన్నని గొట్టంతో కొద్ది మిల్లీలీటర్ల సెలైన్ లోపలికి పంపితే ఆ గీత విచ్చుకుని నల్లని గదిలా తెరుచుకుంటుంది, లోపలికి ఉబికిన గడ్డ దానిలో బుడిపెలా స్పష్టంగా నిలబడుతుంది, దాని మొదలు ఎంత భాగం కండరంలో ఉందో తెరమీదే కొలవవచ్చు. మత్తు అక్కరలేని, కొద్ది నిమిషాల ఈ పరీక్ష తరువాతి నిర్ణయాన్ని మొత్తం మార్చగలదు.

ఫైబ్రాయిడ్ రక్తాన్ని ఎందుకు ఎక్కువ చేస్తుందన్నదానికి పాత వివరణ, గడ్డ వల్ల గది పెద్దదై లోపొర వైశాల్యం పెరుగుతుందన్నది. అది కొంతవరకు నిజమే అయినా, గదిని ఏమాత్రం పెంచని గడ్డలు కూడా రక్తస్రావానికి కారణమవుతున్నాయి కనుక అది చాలదు. గడ్డ చుట్టుపక్కల సిరలు ఉబ్బడమే కాక, ఫైబ్రాయిడ్ కణాలు విడుదల చేసే టీజీఎఫ్-బీటా3 అనే రసాయనం పక్కనున్న లోపొర కణాలపై పనిచేసి, రక్తం గడ్డకట్టడాన్ని సమతూకంలో ఉంచే పదార్థాల తయారీని తారుమారు చేస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. రక్తం పోయేది గడ్డ నుంచి కాదు, లోపొర నుంచి. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే హార్మోన్ లూప్ తర్కం దానంతట అదే అర్థమవుతుంది: గడ్డను కదపకుండానే లోపొరను సన్నబరచగలిగితే రక్తం తగ్గాలి.

ఈ ఆలోచన మొదట సంతాన నియంత్రణ కోసం పుట్టింది. గర్భాశయంలో ఉంచే సాధనాలకు ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ 1920లలో వాడిన లోహపు ఉంగరం తొలి మెట్లలో ఒకటి. 1960లలో హవర్డ్ టేటమ్ టీ ఆకారపు చట్రాన్ని, చిలీ వైద్యుడు హైమే జిపర్ దానిపై రాగిని తెచ్చారు. 1970లో షికాగోలో ఆంటోనియో స్కొమ్మెన్యా గర్భాశయంలోనే ప్రొజెస్టరాన్ విడుదల చేసే సాధనాన్ని పరీక్షించాడు; దాని ఆధారంగా 1976లో మార్కెట్లోకి వచ్చిన ప్రొజెస్టాసర్ట్‌ను మాత్రం ఏడాదికొకసారి మార్చవలసి వచ్చేది. ఫిన్లండ్‌లో టపానీ లూకాయినెన్, పాపులేషన్ కౌన్సిల్ అనే పరిశోధన సంస్థ సహకారంతో, ప్రొజెస్టరాన్ బదులు దానికంటే ఎంతో శక్తిమంతమైన కృత్రిమ హార్మోన్ లెవోనార్జెస్ట్రెల్‌ను ఎంచుకోవడంతో ఏళ్ళ తరబడి పనిచేసే సాధనం సాధ్యమైంది. తుర్కు నగరంలోని లేయిరాస్ సంస్థ తయారు చేసిన ఆ సాధనానికి 1990లో ఫిన్లండ్‌లో అనుమతి లభించింది. మిరేనా పేరుతో అది తరువాత ప్రపంచమంతా వ్యాపించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో సంతాన నియంత్రణకూ, 2009లో అధిక రక్తస్రావానికీ అనుమతించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీన్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. భారతదేశంలో హెచ్‌ఎల్‌ఎల్ లైఫ్‌కేర్ తయారుచేసే ఎమిలీ ఈ కోవకు చెందినదే.

సాధనం చూడడానికి చిన్నది: 32 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న టీ ఆకారపు మెత్తని ప్లాస్టిక్ చట్రం, దాని కాడ చుట్టూ సిలికోన్ తొడుగు, అందులో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్. మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాములు, ఏళ్ళు గడిచేకొద్దీ అంతకంటే తక్కువ బయటికి వస్తాయి. కాడ చివర రెండు సన్నని దారాలు ఉంటాయి; గర్భాశయ ముఖద్వారం బయట రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరిస్తారు, తరువాత ఎప్పుడు తీయాలన్నా ఆ దారం పట్టి లాగితే చాలు. హార్మోన్ మోతాదు లోపొరలో రక్తంలో కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా ఉంటుంది. దాని ప్రభావంతో లోపొరలోని గ్రంథులు ఎండిపోయినట్టు సన్నబడతాయి, ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాలు తగ్గుతాయి, నెలనెలా మందంగా పెరిగి ఊడిపోయే పొర పెరగడమే మానేస్తుంది. అండాశయాలు మాత్రం చాలామందిలో యథావిధిగా పనిచేస్తూనే ఉంటాయి కనుక, నెలసరి ఆగిపోయినా అది ముట్లుడగడం కాదు; ఎముకలకు, గుండెకు అవసరమైన ఈస్ట్రోజన్ అందుతూనే ఉంటుంది. నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే నిలిచిపోతుందన్న భయం తెలుగు స్త్రీలలో విస్తారంగా ఉంది. పొరే పెరగనప్పుడు నిలిచిపోవడానికి లోపల ఏమీ ఉండదన్న సంగతి వైద్యుడు ముందే విడమరచి చెప్పాలి.

ఫలితాల విషయానికి వస్తే, 1990లో ఆండర్సన్, రీబో అనే స్వీడన్ పరిశోధకులు అధిక రక్తస్రావం ఉన్న స్త్రీలలో మూడు నెలలకు 86 శాతం, ఏడాదికి 97 శాతం రక్తం తగ్గిందని చూపారు. ఆ పరిశీలనలో ఉన్నది ఇరవై మంది మాత్రమే. కాని తరువాత వచ్చిన పెద్ద అధ్యయనాలు కూడా అదే దిశను ధ్రువీకరించాయి. 1998లో ఫిన్లండ్‌లో గర్భసంచి ఆపరేషన్‌కు వరుసలో ఎదురుచూస్తున్న స్త్రీలలో కొందరికి ఈ లూప్ వేయగా, ఆరు నెలలకు వారిలో 64 శాతం మంది ఆపరేషన్ వద్దని రద్దు చేసుకున్నారు. పాత వైద్యం కొనసాగించిన వారిలో 14 శాతమే అలా చేశారు. అదే దేశంలో 236 మంది స్త్రీలను సగం సగంగా లూప్‌కూ ఆపరేషన్‌కూ కేటాయించి అయిదేళ్ళు గమనించిన హుర్స్‌కాయినెన్ బృందం 2004లో ప్రకటించిన ఫలితం రెండు వైపులా ఆలోచింపజేస్తుంది: లూప్ వేయించుకున్న వారిలో 42 శాతం మంది అయిదేళ్ళలో చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు, అయినా రెండు వర్గాల స్త్రీల జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదు, లూప్ వర్గానికి అయిన ఖర్చు తక్కువ. లూప్ అందరికీ పనిచేస్తుందని ఎవరైనా చెబితే ఈ 42ను గుర్తు చేయాలి; అది దండగ అని ఎవరైనా కొట్టిపారేస్తే గర్భసంచి నిలుపుకున్న మిగతా 58 శాతం మందిని గుర్తు చేయాలి. 2013లో బ్రిటన్‌లో 571 మంది స్త్రీలతో జరిగిన ఎక్లిప్స్ పరీక్షలో మాత్రల వైద్యం కంటే లూప్ స్త్రీల దైనందిన జీవితాన్ని ఎక్కువగా మెరుగుపరచింది. రెండేళ్ళ తరువాత లూప్ వర్గంలో 64 శాతం, మాత్రల వర్గంలో 38 శాతం తమ వైద్యాన్ని కొనసాగిస్తూ ఉన్నారు.

అయితే ఈ పరీక్షలలో చాలావరకు పెద్ద ఫైబ్రాయిడ్లు ఉన్న స్త్రీలను చేర్చుకోలేదు. ఫైబ్రాయిడ్ల విషయంలో ప్రత్యేకంగా జరిగిన పరిశోధన తక్కువ. 2011లో ఈజిప్టు పరిశోధకులు ఫైబ్రాయిడ్ల వల్ల రక్తం ఎక్కువ పోతున్న 58 మంది స్త్రీలను లూప్, గర్భనిరోధక మాత్రలు అనే రెండు వర్గాలుగా విభజించి హెమాటిన్ పద్ధతిలో కొలవగా, ఏడాదికి లూప్ వర్గంలో దాదాపు 90 శాతం, మాత్రల వర్గంలో 13 శాతం రక్తం తగ్గింది. ఫలితం ఉత్సాహకరమే అయినా, ఇటువంటి అధ్యయనాలు చిన్నవి కావడం వల్ల, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఫైబ్రాయిడ్లపై లూప్ ప్రభావానికి ఉన్న ఆధారాన్ని తక్కువ నాణ్యత గలదిగానే లెక్కగట్టారు. ఈ జాగ్రత్తను దాచి లూప్‌ను పొగడడం, ఈ జాగ్రత్తను సాకుగా చూపి ఆపరేషన్‌కు పంపడం, రెండూ న్యాయం కావు.

ఆ ఆధారం నుంచి తేలే హద్దులు స్పష్టంగానే ఉన్నాయి. గర్భాశయపు గది ఆకారం చెడగొట్టని, మూడు సెంటీమీటర్ల లోపు ఫైబ్రాయిడ్లు ఉన్న స్త్రీకి మొదట ఆలోచించవలసిన వైద్యం హార్మోన్ లూపేనని నైస్ 2018 మార్గదర్శకం చెబుతుంది. మూడు సెంటీమీటర్లు, అంతకంటే పెద్ద గడ్డలు ఉన్నప్పుడు అది మార్గాలలో ఒకటి, దానితోపాటు రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, గడ్డకు రక్తం అందించే ధమనిని మూసే ఎంబొలైజేషన్, గడ్డను మాత్రమే తొలగించే మయోమెక్టమీ, చివరగా గర్భసంచి తొలగింపు ఉంటాయి. గదిని వంకరచేసిన గడ్డలు ఉన్నప్పుడు గర్భాశయంలో ఏ సాధనమూ ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హతా ప్రమాణాలు స్పష్టంగా నిషేధిస్తాయి, ఎందుకంటే సాధనం చక్కగా కూర్చోదు, జారిపడిపోతుంది. ఫైబ్రాయిడ్లు లేని స్త్రీలలో నూటికి మూడుకు మించని ఈ జారిపోయే ప్రమాదం, ఫైబ్రాయిడ్లు ఉన్న వారిలో కొన్ని అధ్యయనాలలో నూటికి ఇరవై దాకా కనిపించింది. సున్నా, ఒకటో రకం గడ్డలకు సరైన వైద్యం హిస్టెరోస్కోప్ అనే సన్నని దూరదర్శినిని యోని మార్గం గుండా పంపి గడ్డను లోపలి నుంచే గీకి తీసివేయడం. పొట్టమీద కోత ఉండదు, గర్భసంచి నిలుస్తుంది, అవసరమైతే ఆ తరువాత లూప్ వేయవచ్చు.

మరొక హద్దును ప్రత్యేకంగా చెప్పాలి. లూప్ గడ్డను కరిగించదు. ప్రొజెస్టరాన్ జాతి హార్మోన్లు ఫైబ్రాయిడ్‌కు ఎరువన్న సంగతి ముందే చెప్పుకున్నాం. అదే జాతి హార్మోన్ రక్తస్రావాన్ని తగ్గించడం వింతగా తోచవచ్చు కాని, పనిచేసే చోటు లోపొర కనుక ఇందులో వైరుధ్యం లేదు. గడ్డ బరువు వల్ల మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం, మలబద్ధకం, పొత్తికడుపు ఉబ్బు వంటి బాధలే ముఖ్యమైన స్త్రీకి లూప్ వేసి ఆశపెట్టడం సరికాదు. త్వరలో బిడ్డ కావాలనుకునే స్త్రీకి కూడా ఇది తగదు. రొమ్ము కాన్సర్ ఉన్న వారికి వేయకూడదు. రొమ్ము కాన్సర్ ప్రమాదం లూప్ వాడేవారిలో స్వల్పంగా ఎక్కువని 2024లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనం చెప్పింది కనుక ఆ మాటను కూడా స్త్రీకి చెప్పి నిర్ణయం ఆమెకు వదలాలి. నలభై అయిదు దాటిన స్త్రీలో, లేదా నెలసరికీ నెలసరికీ మధ్య కూడా రక్తం కనబడే స్త్రీలో, లోపొర ముక్క తీసి కాన్సర్ లేదని నిర్ధారించుకున్న తరువాతే లూప్ వేయాలి.

ఇన్ని హద్దులు దాటి అర్హులైన స్త్రీలు తెలుగునాట లక్షల్లో ఉండగా లూప్ ఎందుకు చేరలేదన్న ప్రశ్నకు మూడు జవాబులు కనిపిస్తాయి, వాటిలో మొదటిది చరిత్ర. 1965లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణ కోసం గర్భాశయంలో ఉంచే లిప్పీస్ లూప్ అనే సాధనాన్ని దేశమంతటా ప్రవేశపెట్టినప్పుడు లక్ష్యాల సంఖ్యలు ముందు, స్త్రీలను తరువాత చూసుకునే ఏర్పాటు వెనుక ఉండడంతో, రక్తస్రావం, నొప్పి వచ్చిన వారికి చెప్పుకునే చోటు లేక ఆ కార్యక్రమం కొద్ది ఏళ్ళకే దెబ్బతింది. తరువాత వచ్చిన కాపర్ టీ కూడా నెలసరిని కొంత ఎక్కువ చేసే సాధనమే. ఒక తరం నుంచి మరో తరానికి వచ్చిన జ్ఞాపకంలో లూప్ అంటే రక్తం పోవడమే. ఇప్పుడు అదే ఆకారంలో ఉన్న వస్తువు రక్తాన్ని ఆపుతుందని చెబితే నమ్మకం కలగకపోవడం సహజం. ఆ అనుమానాన్ని అజ్ఞానమని తోసిపుచ్చకుండా, రాగి చేసే పని వేరు, హార్మోన్ చేసే పని వేరు అని కూర్చోబెట్టి చెప్పవలసిన బాధ్యత వైద్యులది, ఆశా కార్యకర్తలది.

రెండో జవాబు మరింత లోతైనది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు డెబ్బయి శాతం, తెలంగాణలో అరవై రెండు శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు, వారిలో ఎక్కువ మంది ఇరవైల వయసులోనే. ఇక పిల్లలు వద్దనుకుని ఆపరేషన్ అయిపోయిన స్త్రీకి గర్భనిరోధక సాధనం ఎందుకన్న ఆలోచన ఆమెకే కాదు, ఆరోగ్య కార్యకర్తకూ, కొన్నిసార్లు వైద్యునికీ వస్తుంది. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముందన్న మాట కూడా ఇక్కడి నుంచే పుట్టింది. పనికిరాని అవయవంగా దాన్ని చూసే ఈ దృష్టి నిజానికి వైద్యశాస్త్రంలో లేదు. గర్భసంచి తీసేటప్పుడు అండాశయాలు ఉంచినా సగటున కొన్నేళ్ళు ముందుగా ముట్లుడుగుతాయని దీర్ఘకాల అధ్యయనాలు చూపాయి. ముప్పై అయిదేళ్ళకే అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముందే రావడం వంటి నష్టాలు జీవితాంతం వెంటాడతాయి. హార్మోన్ లూప్‌ను గర్భనిరోధకాల అలమరలో నుంచి తీసి రక్తస్రావానికి మందుగా అందరి ముందూ పెట్టడం తెలుగు రాష్ట్రాలలో మిగతా అన్ని చోట్ల కంటే ఎక్కువ అవసరం.

మూడోది వ్యవస్థకు సంబంధించినది. ఆపరేషన్‌కు బీమా ప్యాకేజీ ఉంటుంది, ఒకసారి చేస్తే ముగుస్తుంది. లూప్‌కు ముందు పరీక్ష, వేసే నైపుణ్యం, తరువాత నెలల తరబడి చూసుకునే ఓపిక కావాలి, దానికి డబ్బు కట్టేవారు తక్కువ. అనవసర గర్భసంచి ఆపరేషన్లపై నరేంద్ర గుప్తా దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయులలో పర్యవేక్షణ సంఘాలు ఏర్పడాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. పర్యవేక్షణ అవసరమే. కాని ఆపరేషన్‌ను అడ్డుకుని, దాని స్థానంలో వేరే వైద్యం ఇవ్వకపోతే రక్తం పోయే స్త్రీ అలాగే మిగిలిపోతుంది, లేదా అప్పు చేసి ప్రైవేటు ఆసుపత్రికి వెళుతుంది. ఆపరేషన్‌కు డబ్బిచ్చే పథకం ప్రతిదీ సెలైన్ స్కానింగ్‌కూ, హార్మోన్ లూప్‌కూ, హిస్టెరోస్కోప్ శస్త్రచికిత్సకూ డబ్బివ్వాలి. జిల్లా ఆసుపత్రిలో ఈ మూడూ అందుబాటులోకి రావాలి.

లూప్ వేసిన రోజున వైద్యం ముగియదు, మొదలవుతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రక్తం తగ్గడానికి బదులు రోజూ కొద్దికొద్దిగా మరకలా కనబడడం చాలామందికి ఎదురవుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్లనే ఎందరో రెండో నెలలో తీయించుకుని, లూప్ పనిచేయలేదన్న మాట ఊరంతా పాకిస్తారు. పూజలకు, వ్రతాలకు, పెళ్ళి పనులకు ముట్టు రోజులు లెక్కపెట్టుకునే ఇంట్లో ముప్పై రోజులూ మరక కనబడడం అంటే ఏమిటో అర్థం చేసుకోని వైద్యుడు ఆ స్త్రీని నిలుపుకోలేడు. ఆరు నెలలు ఓపిక పట్టవలసి ఉంటుందని, ఆ మధ్యలో ఎక్కువ రక్తం పోతే ట్రానెక్సామిక్ ఆమ్లం వాడవచ్చని, దారం తగలకపోయినా ఒక్కసారిగా రక్తం పెరిగినా లూప్ జారిపోయిందేమో చూపించుకోవాలని, మొదటి మూడు వారాల్లో జ్వరం, పొత్తికడుపు నొప్పి వస్తే వెంటనే రావాలని రాసిన కాగితం ఆమె చేతిలో ఉండాలి. వేసేటప్పుడు గర్భాశయానికి రంధ్రం పడడం వెయ్యిలో ఒకరికి జరగవచ్చునన్నదీ చెప్పాలి. రక్తహీనతకు ఐరన్ వైద్యం, మాత్రలతో చాలనప్పుడు సెలైన్‌లో ఇచ్చే ఇంజక్షన్‌తో, అదే రోజున మొదలుపెట్టాలి; లూప్ రక్తం పోవడాన్ని ఆపుతుందే కాని పోయినదాన్ని తిరిగి తేదు.

ఈ వైద్యానికి కాలం తోడుగా నిలబడుతుందన్నది చాలా సంప్రదింపులలో చెప్పకుండా పోయే మాట. నలభై రెండేళ్ళ స్త్రీకి వేసిన లూప్ రక్తస్రావానికి అయిదేళ్ళు పనిచేస్తే ఆమెకు నలభై ఏడు వస్తాయి. భారతీయ స్త్రీలలో ముట్లుడిగే సగటు వయసు దాదాపు అదే. అప్పటికి నెలసరి ఆగకపోతే ఇంకొక లూప్ వేయవచ్చు, ఆగిపోతే గడ్డలు తమంతట తాము కుంచించుకుపోవడం మొదలవుతుంది. లూప్ వేసినప్పుడు ఇచ్చే కార్డులో సాధనం పేరు, వేసిన తేదీ, ఎప్పటికి తీయాలో ఆ సంవత్సరం, స్కానింగ్‌లో గడ్డ రకం, వేసే ముందు హిమోగ్లోబిన్ ఎంత అన్నవి తెలుగులో స్పష్టంగా రాసి ఇవ్వాలి, అయిదేళ్ళ తరువాత ఆమె ఏ ఊళ్ళో ఉన్నా ఏ వైద్యుడైనా చదివి తెలుసుకునేలా.